తొలి గ్లాసుకు ముందు మాత్ర

వాంకాయో,
ఆగస్టు 12

ప్రియమైన అమ్మకు,

నీ నెలీదా వెయ్యి దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. కడుపులో ఉన్నది కూడా క్షేమమేనని వేళాపాళా లేకుండా తన్ని మరీ చెబుతోంది. లారీ డ్రైవరు నీ ఉత్తరంతోపాటు ఎండు బంగాళాదుంపల మూటా ఇచ్చాడు. మా ఆయన విల్మర్ అప్పుడే సగం ఖాళీ చేశాడు.

"రోజూ మాత్రలు మింగితే బిడ్డకు చేటు కాదా?" అని అడిగావు. మింగకపోతేనే చేటమ్మా. నా థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయడం లేదు. మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదగాలంటే ఆ గ్రంథిలో ఊరే సారం తల్లి నుంచే అందాలట. అందుకని పరగడుపున మంచినీళ్లతో మాత్ర వేసుకుని, గంటదాకా ఇంకేమీ ముట్టకూడదు.

నేను తప్పు చేసింది అక్కడే. మా అత్తమ్మ తెల్లవారకముందే బార్లీ, అవిసె గింజలు కాచి, వేడివేడి ఎమోలియెంటే కషాయం బండి మీద అమ్ముతుంది కదా. తొలి గ్లాసు ఇంటి కోడలు తాగితేనే బేరం సాగుతుందని ఆవిడ నమ్మకం. జబ్బు సంగతి చెప్పడానికి నోరు రాక, మాత్రను గుప్పిట్లో దాచి ఆ గ్లాసుతోనే మింగేదాన్ని. ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ చిక్కటి పానీయం మందును ఒంటికి పట్టనివ్వలేదు. రెండో రక్తపరీక్షలో జబ్బును చూపే అంకె తగ్గకపోగా పెరిగింది. "మందు మింగుతున్నావా, పారేస్తున్నావా?" అంది డాక్టరమ్మ. బిడ్డను తలచుకుని బస్సులో దారి పొడవునా ఏడ్చాను.

ఇంటికొచ్చి అత్తమ్మకు చెప్పేశాను. ఆవిడ గరిటె కింద పడేసింది.

"ఓసి పిచ్చిమొహమా! బిడ్డ కంటే నా గ్లాసు ఎక్కువైందటే నీకు? రేపట్నుంచి తొలి గ్లాసు నీ మొగుడే తాగుతాడు. వాడికి బుర్ర ఎలాగూ లేదు, కొత్తగా పోయేదేముంది!"

ఆ మర్నాటి నుంచి ఆవిడే మంచినీళ్లు, మాత్ర తెచ్చి నా పక్కన నిలబడుతోంది. డాక్టరమ్మ మోతాదు పెంచింది. పోయిన నెల అంకె దారికొచ్చింది, బిడ్డ చక్కగా పెరుగుతోందట. అత్తమ్మకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

అమ్మా, ఒకటి నీ దగ్గర దాచాను. నీ మెడ మీది కంతి, అదీ ఈ గ్రంథి వాపేనట, చూస్తే జబ్బింటి పిల్లను తెచ్చుకున్నామని అత్తింటివాళ్లు అంటారని అప్పట్లో నాకు భయం. పెళ్లినాడు నీకు శాలువా బిగించి కట్టింది చలికి కాదు. నువ్వేమో "నా బంగారానికి నా మీద ఎంత ఆరాటమో" అని అందరికీ చెప్పుకున్నావు. ఆ మాట ఇప్పటికీ నన్ను కాల్చేస్తోంది.

ఇదీ అత్తమ్మకు చెప్పాను. ఆవిడ పొయ్యి తగ్గించి నా పక్కన కూర్చుంది.

"ఆ కంతి ఆ రోజే చూశానులేవే. మా అమ్మకూ ఉండేది. నా పెళ్లిలో నేనూ అట్లాగే కప్పాను. మన్నించమని అడుగుదామనుకుంటూ ఉండగానే పోయింది. నువ్వన్నా అడుగు."

అందుకే అడుగుతున్నాను, నన్ను మన్నించు. పురుటికి రా. డాక్టరమ్మ నీ మెడ కూడా చూస్తానంది. బస్సు దిగేటప్పుడు మాత్రం ఆ శాలువా సంచిలో పెట్టుకుని దిగమ్మా.

ఇట్లు,
నీ కడుపున పుట్టిన
నెలీదా