నేను చూడని నా ఊరు

తార్నాక,
14-6-1969.

చి. సౌ. భాగ్యలక్ష్మిని దీవించి రాస్తున్నది.

ఇక్కడ నాకు ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ పిల్లలూ మామగారూ ప్రొద్దుటూరులో కులాసాగా ఉన్నారని చదివి మనసు కుదుటపడింది. ఈ అల్లర్లలో నీ ఉత్తరం చేరడానికి పదకొండు రోజులు పట్టింది.

వంట ఎవరు చేస్తున్నారని అడిగావు. నేనే. పప్పు రోజూ మాడుతోంది, వంకపెట్టేవాళ్లు లేరు గనుక తినేస్తున్నాను. విద్యానగర్ వైపు వెళ్లొద్దన్నావు, వెళ్లడం లేదు. కాలేజీలు మూసేశారు. క్యాంపస్‌లో చెట్ల కింద పోలీసులే కనిపిస్తున్నారు. మేం నలుగురం లైబ్రరీకి పోయి, సంతకాలు పెట్టి, బీరువాల దుమ్ము దులిపి వస్తున్నాం. చదువుకోవడానికొచ్చే పిల్లల గోలకు ఎంత విసుక్కునేవాణ్ణో, ఇప్పుడు దానికే మొహం వాచి ఉన్నాను.

సాయంత్రాలు మా బైండింగ్ సెక్షన్ వెంకటనర్సయ్య వస్తుంటాడు. తెలంగాణ కావాలని ఊరేగింపులో అరిచి అరిచి, ఆ బొంగురు గొంతుతోనే నన్ను పలకరించి జొన్నరొట్టెలు ఇస్తాడు. పోయినవారం ఒక పాత పుస్తకానికి కొత్త అట్ట కట్టి పట్టుకొచ్చాడు. రజాకార్ల కాలంలో నల్లగొండ జిల్లాలో ఒక పల్లె ఎలా తగలబడిందో, మిగిలినవాళ్లు ఎలా బతికారో ఆ ఊరివాడే రాసుకున్నది.

"మీ ఊరి ముచ్చటే సార్ ఇండ్ల. మా అవ్వ తల్లిగారూరు గూడ గదే. చదువుండ్రి" అన్నాడు.

చదివాను. బూడిదలోంచి జొన్నలు ఏరి, కడిగి వండిన తల్లి ఉంది అందులో. అంతా సద్దుమణిగిన ఏళ్ల తర్వాత కూడా జీపు చప్పుడైతే చేలో బోర్లా పడుకునే ముసలాయన ఉన్నాడు. ఏడుపు ఆగలేదు.

మర్నాడు వెంకటనర్సయ్య ఆశగా అడిగాడు: "మీ ఇల్లు ఏ దిక్కుండె సార్? కాలిందా, మిగిలిందా?"

భాగ్యా, అర్హతతో వచ్చిన ఉద్యోగం ఎవరు తీస్తారని రాశావు. నీకు చెప్పని మాట ఒకటుంది. ఈ ఉద్యోగం ఏళ్ల తరబడి ఇక్కడే ఉన్న ముల్కీలకు దక్కాల్సింది. నేనూ ఇక్కడివాణ్ణేనని ఒక పట్వారీ చేత దొంగ కాగితం రాయించుకున్నాను. ఆయన నోటికొచ్చిన ఊరి పేరు వేశాడు. ఆ ఊరు నేను కళ్లతో చూడలేదు. నా కాగితంలో ఆ పేరు చూసి వెంకటనర్సయ్య సంబరపడ్డాడు. యాస వేరుగా ఉందేమిటని అతను అడిగితే, కడపలో మేనమామ ఇంట పెరిగానని బొంకాను. అన్నీ పోగొట్టుకున్న వాళ్ల దగ్గర ఊరి పేరు కూడా దొంగిలించాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నిన్న అతనికి నిజం చెప్పేశాను. తిడతాడనుకున్నాను. "మా తమ్ముడు అసలు కాయితం పట్టుకొని రెండేండ్ల సంది కొల్వు కోసం తిరుగుతుండు సార్" అని మాత్రం అన్నాడు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

అతను ఫిర్యాదు చేసినా చెయ్యకపోయినా సోమవారం నేనే రాజీనామా ఇస్తాను. కోప్పడకు. మామగారికి నేనే వచ్చి చెప్తాను.

అక్కడ మీకు తోడెవరున్నారని అడిగావు. నిన్నటిదాకా ఒకడున్నాడు. ఇవాళ అలవాటు కొద్దీ ఇద్దరికి టీ కాచి, వాకిట్లో కూర్చున్నాను. రాలేదు.

ఇట్లు,
నిన్ను కూడా మోసం చేసిన నీ భర్త,
ఆదినారాయణ