పోచవ్వ దారం

మహదేవపూర్,
4 అక్టోబర్ 1959

ప్రియమైన బాపుకు నర్మద దండాలు.

మేమంత మంచిగున్నం. నీ అల్లుడు పర్శరాములు తన మగ్గం మీద తువ్వాలలు నేస్తుండు. నీ మగ్గం అట్లనే ఉన్నది. వారానికొకపారి బూజు దులుపుతున్న.

మొన్న అడవి పక్క గూడెం నాగయ్య మన ఇంటికి వచ్చిండు. నెత్తి మీద ఒకటి, సంకల ఒకటి రెండు గంపల దసలి కాయలు. మద్దిచెట్ల మీద పట్టుపురుగులు అల్లిన గూళ్ళు చూసి ఎన్నేండ్లాయెనో! "చెట్లున్నయి, పురుగులున్నయి, అడిగేటోళ్ళే లేరు బిడ్డా. మద్దిచెట్లు కొట్టేసి జొన్న ఏసుకుందమంటున్నరు మావోళ్ళు. కొట్టే ముందు మీ ఇంట్ల ఒక మాట అడిగిపోదమని వచ్చిన" అన్నడు. నేను రెండు గంపలు దించుకున్న.

బాపూ, మన ఇంట్ల దసలి నేసి ఆరేండ్లాయె. నీ పట్టుపంచెలు ధర్మపురి దాక పోయేటియి. నన్ను కన్న అవ్వ పోయినంక నువ్వు మగ్గం దిగి బొగ్గుబాయికి పోయినవు. గా పని నేను మళ్ళ మొదలుపెడ్త. కాయ ఉడకబెట్టుడు నుంచి బట్ట కోసుడు దాక మన ఇంట్లనే కావాలె.

కాయలు ఉడికే నీళ్ళల్ల బూడిద ఎంత కలుపాలె? ఏ కట్టె బూడిద? జల్ది రాయి.

నీ బిడ్డ,
నర్మద

*

బెల్లంపల్లి,
17 అక్టోబర్ 1959

ప్రియమైన నర్మదకు బాపు దీవెనలు.

కాయలు నాగయ్యకు వాపసు ఇయ్యి. దసలి పని అయిపోయింది. మిల్లుపట్టు వచ్చినంక దాన్ని కట్టేదెవలు? ఇరవై ఏండ్లు నేసినోన్ని, నాకు తెల్వదా?

ఇక్కడ బాయి మీద దీపాల గదిల నా పని మంచిగ నడుస్తుంది. దిగేటోళ్ళకు దీపాలిచ్చుడు, ఎక్కినంక తీసుకునుడు. పర్శరాములు సంగతి పెద్దమనుషులకు చెప్పిన. జనవరి లోపట వస్తే పని ఇప్పిస్తమన్నరు. రెండర్రల కోటరు గూడ వస్తది. మగ్గం ఇప్పి ఆ కట్టె వడ్ల లక్ష్మీరాజంకు ఇయ్యి. మగ్గం గుంత పూడ్చుండ్రి.

ఇంకొక మాట. ఐలవ్వ ఇంటికి పోకు. ఎందుకని అడుగకు.

మీ మంచి కోరే,
అంబదాస్

*

మహదేవపూర్,
22 నవంబర్ 1959

ప్రియమైన బాపుకు నర్మద దండాలు.

నీ మాట ఇనలే. కోపానికి రాకు.

ముందుగాల నా తెలివితక్కువ చెప్త. కాయలు గంపలల్లనే ఉంచిన. ఇరవై రోజులకు తలుపు తీస్తే అర్ర నిండ సీతాకోకల లెక్క పురుగులు ఎగురుతున్నయి. ఒక గంపల కాయలన్నిటికి బొక్కలు పడ్డయి, దారం తునుకలైంది. కడప మీద కూసొని ఏడ్చిన. నీ అల్లుడొచ్చి "ఒక గంపనే పోయింది గద, ఇంకొకటి ఉన్నది" అన్నడు. గప్పుడు ఐలవ్వ దగ్గరికి ఉరికిన. అవ్వతోని జోడుగ దారం తీసింది ఆమెనే గద, ఇంక ఎవలను అడగాలె?

"తెచ్చిన నాడే ఆవిరి పట్టాలెనే పిచ్చిదానా!" అనుకుంట ఊతకట్టె పట్టుకొని నా ఎంబడే వచ్చింది. ఆవిరి పట్టింది, చింతకట్టె బూడిద కలిపి ఉడకబెట్టింది, కాయ మీది సన్నని పోచ కొస దొరకవట్టుడు చూపెట్టింది. ఐదు కాయల పోచలు కూడగట్టి, తొడ మీద అరచేత్తోని పేనితే ఒక దారం. తేనె రంగు! బాపూ, నువ్వు చూస్తే ముట్టకుంట ఉండవు.

తొమ్మిదో నాడు నా తొడ మీద తోలు లేచింది. ఐలవ్వ చూసి ముఖం పక్కకు తిప్పుకున్నది. "మీ అవ్వకు గూడ గిట్లనే అయ్యేది. పాతగుడ్డ చుట్టుకొని తీసేది" అన్నది. ఇంకేమో అనబోయి ఆగింది. మళ్ళ అడిగితే "మీ బాపును అడుగు" అన్నది. అడుగుతున్న. ఏమైంది?

పనైతే ఆపలే. లక్ష్మీరాజంకు మగ్గం కట్టె ఇయ్యలే గని, రాట్నం చేసియ్యమన్న. తొడ పేనేది కదురు పేనాలె అన్న. మూడు మాట్ల చేసిండు. మొదటిదాని మీద దారం తెగె, రెండోది ఊగె. మూడోది నడుస్తుంది. ఐలవ్వ గూడ దాని మీదనే తీస్తుంది. ఇప్పుడు ఎవలి కాలూ నొస్తలేదు, ఫికర్ చెయ్యకు.

జవాబు కోసం చూసే,
నర్మద

*

మహదేవపూర్,
24 జనవరి 1960

ప్రియమైన బాపుకు నర్మద దండాలు.

రెండు నెలలాయె, జాబు లేదు. నేను అడుగరానిది అడిగిననా? పానం మంచిగున్నదా? పరేషానైతున్న.

బట్ట దిగింది. నీ మగ్గం మీద నేనే కూసున్న. "ఆడిమనిషి గుంతల కూసునుడేంది" అని వాడకట్టోళ్ళు అన్నరు. నీ అల్లుడు "మీ ఇంట్ల మగ్గం మీద కూసుంటలేదు గద" అన్నడు. పడుగు పోగులు మస్తుగ తెగినయి. గంజి చిక్కగ పెట్టి అతుకుపెట్టుకుంట, అతుకుపెట్టుకుంట ఒక పంచె ఎల్లదీసిన. ధర్మపురి గుడి అయ్యగారు ఒకరు ఇటుదిక్కు వచ్చి చూసిండు. కండ్లకద్దుకొని, తనకొకటి, కొడుక్కొకటి నెయ్యమన్నడు. నాగయ్యకు గా మాట చెప్పిన. వాళ్ళ గూడెంల ఈ యేడు ఒక్క మద్దిచెట్టు గూడ కొట్టరట. విత్తనం కాయలు దండలు గుచ్చి ఏలాడదీసిండ్రు, వానలు పడంగనే పురుగులు చెట్లెక్కుతయి.

గందుకే మేము బొగ్గుబాయికి వస్తలేము. నీ అల్లుడు గూడ గదే అంటుండు. మా కోసం ఎవలినో బతిలాడి పని అడిగినవు, నీ మాట పోగొట్టినందుకు మాఫ్ చెయ్యి.

మన వాడకట్టు రాజలింగు అటుదిక్కు వస్తున్నడు. ఒక మూరెడు బట్ట పంపుతున్న. తిట్టినా మంచిదే, జాబు రాయి.

నీ మొండి బిడ్డ,
నర్మద

*

బెల్లంపల్లి,
9 ఫిబ్రవరి 1960

ప్రియమైన బిడ్డ నర్మదకు,

రాజలింగు బట్ట ఇచ్చిండు. బొగ్గు మసి పోయేదాక చేతులు కడుక్కొని పట్టుకున్న. అంచు ఒకదిక్కు గుంజింది. గంజి ఎక్కువైంది. రెండు తావుల పేక వదులున్నది. దారం మాత్రం మీ అవ్వ దారమే. జర దొడ్డు, అంతే.

నువ్వు అడిగినదానికి రెండు నెలల నుంచి రాస్తున్న, చింపుతున్న.

ఆ యేడు పెండ్లిళ్ళు మస్తుండె. ఒక పెద్దింటోళ్ళకు పంచె ఒప్పుకున్న. మీ అవ్వ "తొడ మీద పుండైంది, ఎనిమిది రోజులు ఆగుత" అన్నది. "గీ ఒక్కటి కానీయే" అన్న. పుండు ఎట్లున్నదో గూడ చూడలే. ఆమె దారం తీసింది, నేను నేసిన. పంచె చూసినోళ్ళంత "అంబదాస్ చెయ్యే చెయ్యి" అన్నరు. నేను సంబురపడ్డ. పన్నెండో నాడు మీ అవ్వ జరంల పోయింది. పుండుతోని పోయిందో, వేరే జరమో నాకు తెల్వది. ఎవలనన్న అడుగుటానికి భయపడ్డ. ఐలవ్వకు అంత తెల్సు. గందుకే ఆమె ఇంటికి పోవద్దన్న.

మిల్లుపట్టు ముచ్చట సాకు, బిడ్డా. పేరు నాదైంది, దారం పోచవ్వది. ఆమె పోయినంక గా మగ్గం మీద కూసునే ముఖం నాకు లేదు. నీ కాలు గూడ గట్లయితదని గుండె పగిలింది, గది చెప్పే ధైర్యం లేక మగ్గం ఇప్పమన్న.

నువ్వు పని ఆపలే, కాలు కాపాడుకున్నవు. ఇరవై ఏండ్లల్ల నాకు రాని ఆలోచన నీకు తొమ్మిది రోజులల్ల వచ్చింది.

ఇక్కడ పని ఇడుస్తున్నని చెప్పిన. నెలాఖరుకు మంథని బస్సుల వస్త. ముందుగాల ఐలవ్వ ఇంటికే పోత. ఆమె ఏమన్నా పడ్త.

నువ్వు మగ్గం దిగకు. అంచు గుంజకుంట ఎట్ల నెయ్యాలెనో పక్కన కూసొని చెప్త. నేను దారం తీస్త. నవ్వేటోళ్ళు నవ్వనీ.

లక్ష్మీరాజంతోని ఇంకొక రాట్నం చేపియ్యి. నా మోకాళ్ళు వంగుతలేవు, జర ఎత్తుగ చెయ్యమను.

నీ బాపు,
అంబదాస్