తిరగేసి చూసిన పోస్టరు

ఫిబ్రవరి 3, 2010. జగిత్యాల
మళ్లీ బంద్. కాలేజీ గేటు బయటే నిలబడి సార్ నాకొక పోస్టరు ఇచ్చారు. తొంభై ఏళ్ల కిందటి రష్యాది, కలర్ జిరాక్స్. కింద ఎడమ మూల నుంచి పైన కుడి మూలకు ఏటవాలుగా ఎర్రటి పట్టీ. పక్కన నల్లటి చక్రం. "దీన్ని విశ్లేషించు. కోరుట్ల సెమినార్ల ఐదు నిమిషాలు మాట్లాడాలె."
ఏటవాలు... ఎంత మంచి మాట!

ఫిబ్రవరి 4
"ఎరుపు విప్లవానికి గుర్తు." కొట్టేశాను. ఇది ఎవరైనా రాస్తారు.

ఫిబ్రవరి 5. సిరిసిల్ల
హాస్టల్ మూసేశారు. బస్సుల్లేవు. ఆటోలు మారి ఇంటికి. దారి పొడవునా గోడల మీద తెలంగాణ పోస్టర్లు, ఒకదాని మీద ఒకటి. ఇన్నాళ్లూ వాటిని చదివానంతే. చూడలేదు.

ఫిబ్రవరి 6
ఈ గదిలోనే తాత గుంట మగ్గం ఉండేది. గుంట అంచున కూర్చుని నూలు చుట్టిన కండెలు అందించేదాన్ని. తడి నూలు, గంజి వాసన, తాత పాట... గుంట పూడ్చి పవర్‌లూమ్ పెట్టారు. ఆ మోతలో ఇప్పుడు పాడినా వినపడదు.

ఫిబ్రవరి 7
తాతకు పోస్టరు ఇచ్చాను. వేళ్లతో నలిపి, టక్కున తిరగేశాడు. ఏ బట్ట చేతికొచ్చినా అంతే, ముందు వెనకవైపే చూస్తాడు.
"ఏంది బిడ్డా, ఎనుక ఏం నేయనే లేదు!"
"తాతా, గది బట్ట గాదే. కాయితం."
"కాయితమైతేంది? పనితనం ఎనుకనే గద తెలిసేది."
వెలుతురుకు ఎత్తి పట్టాడు.
"అగో... ఎర్రపట్టీ కిందికి జారుతున్నది సూడు."
నవ్వబోయి ఆగాను. నిజమే. అదే రంగు, అదే వాలు. ముందు నుంచి ఎక్కే పట్టీ వెనుక నుంచి జారిపోతోంది! ఎడమ నుంచి కుడికి చదివే మన కళ్లే దాన్ని పైకి ఎక్కిస్తున్నాయి.
నాలుగు పేజీలు ఆగకుండా రాశాను. మొదటి వాక్యం — "మా తాత దీన్ని తిరగేసి చూశాడు."

ఫిబ్రవరి 8
తాత వాడంతా చెప్పేశాడు. "మా మనుమరాలు కోరుట్లల నా ముచ్చట సదువుతదట!"
అమ్మ నవ్వు. "ఇగ నిన్ను పట్టుడు మాతోని గాదు, మామా."

ఫిబ్రవరి 10. జగిత్యాల
సార్ రెండుసార్లు చదివారు. "ఆలోచన మస్తుగున్నది. గని మీ తాతెందుకు నడుమ? పెద్ద పెద్ద ప్రొఫెసర్లు వస్తరు, నవ్వుతరు. నువ్వే చూసినట్టు రాయి."
తల ఊపాను. ఎందుకు ఊపాను...

ఫిబ్రవరి 11
తాత లేకుండా రాశాను. ఎక్కడా తప్పు లేదు. "వెనుక నుంచి చూసినప్పుడు" — ఎవరు చూసినప్పుడు? పైకి చదివితే ప్రతిసారీ అక్కడే ఆగిపోతున్నాను.

ఫిబ్రవరి 12. కోరుట్ల
పొద్దున తాత ఫోన్. "మెల్లగ సదువు బిడ్డా. నా ముచ్చట కాడ జర గట్టిగ."
సరే అన్నాను.
హాలు నిండింది. సార్ మొదటి వరుసలో. తాత ఉన్నదీ, లేనిదీ, రెండు ప్రతులూ నా ఒళ్లో ఉన్నాయి. నాకంటే ముందు మాట్లాడాల్సినవాళ్లు ఇద్దరు —
ఇప్పుడు ఒక్కరే.