తడిసిన గుళికలు

తిప్పేష్,

ఆయుధ పూజ నాడు మీ అన్న మనకు లేకుండా పోయాడు. ఈ సాయంత్రం సోమందేపల్లె డాబాలో నువ్వు మాంసం కాల్చే ఆ కరెంటు పొగపొయ్యి మళ్లీ వెలిగిస్తావని అత్తమ్మ చెప్పింది. నిమ్మకాయలు కూడా తెప్పించింది. "దాని మింద శని ఉండాది" అంటోంది. శని కాదు, నీళ్లు.

ఆ పొద్దున మీ అన్న పూజ కోసం పొయ్యిని బకెట్లతో కడిగాడు. నేను వద్దంటే, "ఏం టీచరమ్మా, కడగకుండా కుంకుమ యాడ పెట్టేది?" అని నవ్వాడు. పొయ్యి డబ్బాలో మంటకోసం పోసిన శెనక్కాయ పొట్టు గుళికలు తడిసి ఉబ్బాయి. మంట అంటుకోకపోతే మళ్లీ మళ్లీ స్విచ్చి వేశాడు. వేసినప్పుడల్లా ఇంకొన్ని గుళికలు మంటగిన్నెలోకి జారి, గుట్టపడి పొగ కక్కాయి. మూత ఎత్తగానే మంట మొహం మీదికి లేచింది.

నువ్వు నీళ్లు తాకించకు. ముందు ప్లగ్గు తీసెయ్. డబ్బాలోని పాత గుళికలన్నీ పారబోసి కొత్త బస్తా విప్పు. ఈ ఎండకు అవి ఆరిపోయి ఉంటాయని అనుకోకు. గిన్నెలో బూడిద ఊడ్చెయ్. కొవ్వు కారే పళ్లెం గీకి పొడిగుడ్డతో తుడువు. వెలిగించాక మంట రాకపోతే మూత ఎత్తకు, రెండోసారి స్విచ్చి వెయ్యకు.

అన్నం మూతపెట్టి ఉంచాను, తిని వెళ్లు. నీకూ మీ అన్నలాగే తొందర.

వదిన

ఇంకొకటి. నిన్న శుభ్రం చేద్దామని వెళ్లి, మూత మీద చెయ్యి పెట్టి తిరిగి వచ్చేశాను. ఆ రోజు తర్వాత ఎవరూ ఆ మూత ఎత్తలేదు; సగం కాలిన ఆనాటి గుళికలు మంటగిన్నెలో ఇంకా అలాగే ఉన్నాయి.