తమ్ముడు పంపిన ఇరుకు బూట్లు

డిసెంబరు, ఆదివారం రాత్రి

ఛీ, నా బుద్ధి ఇంతే. కొండెక్కి మంచులో జారడానికి తమ్ముడు నాకోసం గట్టి, ఇరుకు స్కీ బూట్లు ఏరి పంపాడు. నేను పనిచేసే స్టీలు ప్లాంటు వేడికి కాళ్ళు ఉబ్బుతాయని సేఫ్టీ బూట్లు ఒక నంబరు పెద్దవి కొనే అలవాటు నాది. వీటినీ వదులు చేయించాలని మా ప్లాంటు పక్క బస్తీ క్యాంప్ 2లో చెప్పులు కుట్టే అప్పారావు దగ్గరికి పట్టుకెళ్ళాను.

"ఇది తోలేటి బాబూ, సాగడానికి? ప్లాస్టిక్కు!" అన్నాడు.

వినకుండా నేనే నిప్పుల మీద పెట్టి సాగదీశాను. ఆ కాలిన కంపు ఇంకా చేతులకుంది. అడుగేస్తే మడమ లేస్తోంది. లేస్తే బూటు కింద బిగించే స్కీ పలక మన మాట వినదని తమ్ముడు ముందే చెప్పాడు.

సాయంత్రం ఫోన్ చేశాడు. "మడమ కదలట్లేదు కదా అన్నయ్యా? దిగేటప్పుడు నీ ముందు నేనే ఉంటాను."

"అస్సలు కదలట్లేదురా," అన్నాను.