వరండా బడి

1969 మార్చి 3

తెలంగాణ ఉద్యమం వల్ల బడులు మూసి నెల దాటింది. వదిన కమలాదేవి యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగానికి వెళ్తుంది. అన్నయ్య కాలేజీ లేకపోయినా డిపార్ట్‌మెంటులోనే ఉంటాడు. అంచేత ఈ క్వార్టర్స్ వరండాలో వాళ్ళ ముగ్గురు పిల్లలకూ నేనే పంతులమ్మను. ఆరో క్లాసు దుర్గ, నాలుగు చదివే సోము, ఇంకా అక్షరాలు దిద్దుకునే బుజ్జి. మా ఆయన పోయి ఈ ఇంటికి వచ్చిన ఆరేళ్ళలో, పొద్దున్నే లేవాలని ఇప్పుడే అనిపిస్తోంది.

మార్చి 19

దుర్గకు భిన్నాలు వచ్చేశాయి. మూడు వారాలు పట్టింది. సాయంత్రం వదిన గేటు తీసిన చప్పుడు వినగానే పలకలూ పుస్తకాలూ నా ఒళ్ళో పడేసి ముగ్గురూ పరుగెత్తారు. లెక్కలన్నీ రైటని దుర్గ వాళ్ళమ్మకి చెప్పింది. వదిన దాని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. నేర్పింది నేను.

ఏప్రిల్ 8

కాంపొజిషన్ ఇచ్చాను, నాకు ఇష్టమైన మనిషి అని. దుర్గ అమ్మ గురించి రాసింది. సోమూ అమ్మ గురించే. బుజ్జి పాలు పోసే లచ్చమ్మ గేదె బొమ్మ గీసింది. దుర్గ కాగితంలో ఒక్క తప్పు లేదు. అయినా పదికి ఆరే వేశాను.

ఏప్రిల్ 9

ఆరును ఎనిమిది చేశాను.

జూన్ 20

మధ్యాహ్నం తార్నాక నుంచి పిల్లల బడి ప్యూను రాజలింగం వచ్చాడు. మజ్జిగ ఇచ్చాను. "సోమవారం సంది బడి షురూ అయితదమ్మా. ఆ పొద్దే పెద్దపాపకు పరీక్ష ఉన్నది. పాసయితేనే ఏడో క్లాసుల కూసోనిస్తరట. మరువకున్రి" అని నోటీసు చేతిలో పెట్టి వెళ్ళాడు.

వదిన వచ్చాక చెబుదామని బియ్యం డబ్బా కింద పెట్టాను. వదిన వచ్చింది. పిల్లలు ఎదురు పరుగెత్తారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

జూన్ 22

ఇవాళా చెప్పలేదు.

జూన్ 23, సోమవారం

ఎప్పటిలాగే పదింటికి పాఠం మొదలుపెట్టాను. దుర్గ ఇస్త్రీ గౌను వేసుకుని, పెన్నులో ఇంకు నింపుకుని కూర్చుంది. ఏమిటీ సింగారం అన్నాను. నా మొహంకేసే చూస్తూ ఉంది.

జూన్ 24

లైబ్రరీలో వదినతో పనిచేసే ఆవిడ కూతురు దుర్గ క్లాసే. మీ అమ్మాయి పరీక్షకు రాలేదేమని ఆవిడ అడిగిందట. వదిన ఇంటికి వస్తూనే నన్ను అడిగింది. డబ్బా జరిపి కాగితం తీసి ఇచ్చాను. అన్నయ్య కేకలేశాడు. పిల్లకి దండగైన ఏడాదిని ఎవరు తెచ్చిస్తారన్నాడు.

రాజలింగం వచ్చినప్పుడు దుర్గ కిటికీ పక్కనే ఉండి అంతా విన్నదట.

"నువ్వే చెబుతావనుకున్నాను అత్తయ్యా. నిన్న పొద్దుటిదాకా అనుకున్నాను" అంది.

అన్నయ్య ఇంకా అరిచినా బాగుండేది.

జూన్ 25

పొద్దున్నే ఒక్కదాన్నే బడికి నడిచి వెళ్ళాను. హెడ్‌మిస్ట్రెస్ అమృతమ్మగారి ముందు నిలబడి, తప్పు నాదే, పిల్లది కాదన్నాను. ఎందుకు దాచావని అడిగారు. బడి తెరిస్తే నాకు ఎవరూ ఉండరన్నాను. ఆవిడ అద్దాలు తీసి తుడుచుకున్నారు. "రేపు పాపను పంపు. నా రూంల కూసోబెట్టి రాయిస్త. గిట్ల ఇంకోపారి చేయకు బిడ్డా" అన్నారు. తిరిగి వచ్చేదాకా దారంతా ఏడ్చాను.

జూన్ 28

దుర్గ పాసయింది.

కంచాలు సర్దుతూ వదిన అంది: "రోజూ గడప దాటేటప్పుడు నీ మీద ఎంత కుళ్ళుకునేదాన్నో తెలుసా శ్యామలా? వాళ్ళ మధ్యాహ్నాలన్నీ నీవే." నాకు జాలి వేయలేదు. గర్వం కలిగింది. రాయడానికి సిగ్గుగా ఉంది.

దుర్గ మాత్రం నాతో మాట్లాడటం లేదు. అన్నం వడ్డిస్తే చాలని చేయి అడ్డం పెడుతుంది, అంతే.

జులై 9

రేపు మళ్ళీ బంద్ అట. బడి లేదట. ఆ మాట దుర్గ మొదట నాకే చెప్పింది. వదిన పక్కనే ఉంది.