రెండో చక్రానికి గుమ్మడికాయ

గౌరవనీయులైన వదినగారికి,

నమస్కారం. ఇక్కడ నేను క్షేమం అని రాయడం పద్ధతి గనక రాస్తున్నాను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటే, మొన్న మనిద్దరి మాటలూ విన్నాక మా అల్లుడు, అదే మీ అబ్బాయి, "మీరిద్దరూ ఇకమీదట ఫోన్లో మాట్లాడుకోవద్దు" అన్నాడు కదా. ఉత్తరాల సంగతి ఏమీ అనలేదు.

అమ్మాయి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి ఇది మూడో నెల. ఏడో నెల దాకా మోసి ఒట్టి చేతులతో వచ్చిన పిల్ల. ఫోన్ ఎత్తగానే "తిన్నానమ్మా" అంటుంది. నేను అడగకముందే అంటుంది. అడగకముందే చెప్పేవాళ్ల సంగతి టైలరింగ్ షాపు నడుపుకునే నాకు బాగా తెలుసు. టేపు తీయకముందే "నేనేం లావెక్కలేదండీ" అనేవాళ్లు రోజూ వస్తూనే ఉంటారు.

మా షాపు పైన మేడ మీద ఒక మేడమ్ క్లాసులు పెట్టింది. ఏ చక్రానికి ఏ తిండి తినాలో నేర్పుతుంది. మన వెన్ను పొడవునా చక్రాలు ఉంటాయట. కింది నుంచి రెండోది స్వాధిష్ఠానం. బొడ్డుకి దిగువన ఉంటుంది. నారింజ రంగు, నీటి తత్త్వం. ఆడదాని దుఃఖమంతా అక్కడ ఊరుతుందట. అది ఎండిపోతే తిండి సహించదు, నవ్వు రాదు, మనిషి గోడ వంక చూస్తూ కూర్చుంటుంది. ఆవిడ అది చెబుతుంటే నేను మధ్యలో లేచి, కిందికొచ్చి, మిషన్ ముందు కూర్చుని ఏడ్చాను.

దానికి మందు నారింజ రంగు తిండేనట. క్యారెట్, గుమ్మడికాయ, చిలగడదుంప, నారింజ పండ్లు. మీరు పిల్లలున్న ఊళ్లోనే ఉన్నారు. పైగా హాస్టల్ వంటిల్లు మీ చేతిలో ఉంది. కాస్త వండి పంపండి. చక్రం అన్న మాట మాత్రం ఎత్తకండి. ఎత్తితే మా అమ్మాయి వారం పాటు ఫోన్ తియ్యదు.

ఇట్లు,
మీ వదిన

తా.క.: మీకు నా మీద ఇంకా కోపం ఉంటే అది మూడో చక్రమట. పసుపు రంగువి తినండి.

*

వదినగారికి,

ఉత్తరం అందింది. నాకు కోపం లేదు. రోజూ అరటిపండు తింటాను, అది వేరే సంగతి.

ఈ చక్రాల మీద నాకు నమ్మకం లేదు. మా హాస్టల్లో ఇంతమంది కుర్రాళ్లకి వండి పెడుతున్నాను. వాళ్లందరికీ ఉన్నది ఒకటే చక్రం, అది పొట్టలో పొద్దస్తమానం గిర్రున తిరుగుతూ ఉంటుంది. కానీ కోడలు నాలుగు ముద్దలు తినాలన్న ఆశ నాకూ ఉంది కదా. అందుకని క్యారెట్లు తురిమి, గుమ్మడికాయ ఉడికించి, డబ్బాలకి సర్ది తీసుకెళ్లాను. మా హాస్టల్‌కొచ్చే గుమ్మడికాయ ఒక్కొక్కటీ కూర్చోవడానికి పనికొచ్చేంత ఉంటుంది. పిసినారితనం చేశానని అనుకోకండి.

తలుపు మావాడే తీశాడు. "పడుకుందమ్మా" అన్నాడు. లోపలి గది తలుపు వేసి ఉంది. కిటికీ తెరలు దించేసి ఉన్నాయి. పట్టపగలు ఆ ఇంట్లో లైటు వెలుగుతోంది. ఎక్కువసేపు కూర్చోబుద్ధి కాలేదు, వచ్చేశాను.

చక్రం మాట ఎత్తొద్దన్నారు గనక, వచ్చేటప్పుడు వాడితో గుట్టుగా, "ఒరేయ్, ఆ రెండోది కాస్త బలహీనపడింది, జాగ్రత్తగా చూసుకో" అన్నాను. వాడు అర్థం కానట్టు చూశాడు. "రెండో చక్రంరా" అని గొణిగాను, అంతే. మర్నాడు సెలవు. వాడు స్కూటర్‌ని మెకానిక్ దగ్గరికి తోలుకెళ్లి వెనక చక్రం విప్పించాడట. మెకానిక్ చూసి "నిజమే, బేరింగ్ పోయింది" అన్నాడట. అమ్మకెలా తెలిసిందా అని వాడు ఇప్పటికీ ఆశ్చర్యపోతున్నాడు.

డబ్బాలు ఖాళీగా, శుభ్రంగా కడిగి తిరిగొచ్చాయి. అంటే తింటోందన్నమాట. మళ్లీ పంపాను. మళ్లీ ఖాళీగానే వచ్చాయి.

ఇట్లు,
మీ వదిన

తా.క.: మిగిలిన గుమ్మడికాయ హాస్టల్లో పెట్టాను. రెండో చక్రం తెరుచుకుంటే మనసు మెత్తబడుతుందన్నారేమో మీ మేడమ్, మా కుర్రాళ్లలో ఒక్కడికీ మెత్తబడలేదు. గిన్నెలు బల్ల మీద కొట్టారు.

*

వదినగారికి,

మీ నోరు ఎలాంటిదైనా చెయ్యి మంచిది. ఇది చదివాక మీరే కళ్లు తుడుచుకుంటారు.

నిన్న సాయంత్రం అమ్మాయి తనంతట తానే ఫోన్ చేసింది. "అమ్మా, ఇల్లంతా గుమ్మడికాయ వాసన. తలుపు తీస్తే చాలు, కడుపులో తిప్పేస్తోంది. తట్టుకోలేకపోతున్నాను" అంది.

"కడుపులో తిప్పుతోందా?" అన్నాను. 

"వాంతి కూడా అయింది" అంది. 

ఇంకేం మాట్లాడతాను? "జాగ్రత్తమ్మా" అని పెట్టేశాను. గబగబా మేడ మీదికెళ్లి మేడమ్‌తో చెప్పాను. ఆవిడ కళ్లు మూసుకుని, "నీళ్లు కదిలాయి" అంది. అంతకంటే ఇంకేం కావాలి?

ఇంత తొందరగానా అని నాకూ అనిపించింది. అయినా మనసు ఆగుతుందా! అటకెక్కించిన పెట్టె దింపాను. అప్పుడు కుట్టిన చిన్న చిన్న గౌన్లు అందులోనే ఉన్నాయి. వాటిని మిషన్ మీద పరుచుకుని గుండీలు ఊడాయేమో చూశాను. ఎవరూ వెయ్యని గౌనుకి గుండీలు ఎందుకు ఊడతాయి? అయినా చూశాను.

మీరు ఎవరితోనూ అనకండి. పిల్ల తనే చెప్పేదాకా మనకేం తెలియనట్టే ఉందాం. మోతాదు మాత్రం పెంచండి.

ఇట్లు,
మీ వదిన

తా.క.: సంతోషంలో ఒకావిడ జాకెట్టుకి రెండూ కుడి చేతులే కుట్టి ఇచ్చేశాను. ఆవిడ కూడా చూసుకోకుండా తీసుకెళ్లింది. ఈపాటికి వేసుకునే ఉంటుంది.

*

ప్రియమైన వదినా,

మీ ఉత్తరం చదివి వంటింట్లో నిలబడిపోయాను. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదల్లేదు. మీకు ఫోన్ చెయ్యబోయి, మావాడి మాట గుర్తొచ్చి పెట్టేశాను.

మోతాదు పెంచాను. నేనే మోసుకెళ్లాను. కోడలు ఇంకా ఆఫీసు నుంచి రాలేదట. వాడొక్కడే ఉన్నాడు. టీ పెట్టి ఇచ్చాడు. మనకేం తెలియనట్టే ఉండాలన్నారు, ఉన్నాను. చాలాసేపు ఉన్నాను. లేచేటప్పుడు మాత్రం ఉండబట్టలేక, "ఈసారైనా దాన్ని మెట్లెక్కనివ్వకురా" అన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అంటే ఒట్టు.

వాడు నా వంక చూశాడు. తన కప్పు అలాగే వదిలేసి బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాడు. పిలిచినా వెనక్కి తిరగలేదు. సంతోషం ఎక్కువైనా మగవాళ్లు అలాగే చేస్తారు, వాళ్ల నాన్న కూడా అంతే.

కానీ ఒక దిగులు పట్టుకుంది. కప్పు అందించేటప్పుడు చూశాను, వాడి అరచేతులు పచ్చగా ఉన్నాయి. ముక్కు పక్కలు కూడా. మనిషి చిక్కిపోయాడు. కామెర్లేమోనని భయంగా ఉంది. కోడలు చూసుకోలేదని అనడం లేదు సుమా. వేవిళ్లతో ఉన్న పిల్ల మొగుడి ముక్కు రంగు ఏం గమనిస్తుంది? రేపు నేనే వాణ్ణి డాక్టరు దగ్గరికి లాక్కెళ్తాను.

ఇట్లు,
ప్రేమతో మీ వదిన

తా.క.: పేరు గురించి ఇప్పుడే తొందరేం లేదు. మా అత్తగారి పేరు మాత్రం పెట్టొద్దు. ఆవిడ ఎవరు ఏం వండినా తినేది కాదు.

*

వదినా అని పిలవడానికి కూడా మనసు రావడం లేదు.

అమ్మాయి ఫోన్ చేసింది. "నాకేం లేదమ్మా. ఏమీ లేదు. ఎవరు చెప్పారు మీ ఇద్దరికీ?" అని అరిచింది. తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపు నేను ఆస్పత్రిలో కూడా వినలేదు. వాసనకి తిప్పిందంటే వాసనకే తిప్పిందట, అంతే.

తొందరపడింది నేనే అని రాద్దామని కూర్చున్నాను. కానీ మీరన్న "మెట్లు" గుర్తొచ్చింది. ఇంక నా చెయ్యి మెత్తగా రాయనంది. ఆ రోజు ఆస్పత్రి వరండాలో కూడా మీరు అదే అన్నారు. మెట్లెక్కొద్దంటే విందా అన్నారు. మెట్లకీ దీనికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాక కూడా అన్నారు. లోపల మంచం మీద నా పిల్ల విన్నది. ఇప్పుడు మళ్లీ అదే మాట, "ఈసారైనా" అని తోక తగిలించి మరీ!

పైగా మీ వాడి ముక్కు రంగు మా అమ్మాయి చూసుకోవాలా? కామెర్లే అయితే మా పిల్లని మా ఇంటికి పంపెయ్యండి. చక్రం వద్దు, ఏం వద్దు. మీ గుమ్మడికాయలు మీరే ఉంచుకోండి.

ఇట్లు,
పిల్ల తల్లి

తా.క.: రెండు కుడి చేతుల ఆవిడ తిరిగొచ్చింది. షాపు నిండా మనుషులుండగా తిట్టింది. నేను ఏడుస్తుంటే, జాకెట్టు గురించేననుకుని, "పోనీలెండి, ఇంట్లో వేసుకుంటాను" అంది.

*

వదినా,

మీ ఉత్తరానికి బదులుగా రెండు పేజీలు రాశాను. వరండాలో మీరన్నది కూడా నాకు గుర్తుంది. "మీ వాడు బండి త్వరగా తెచ్చుంటే" అన్నారు. అవన్నీ వివరంగా రాసి, మడిచి, కవర్లో పెట్టి, చింపేశాను. ఎందుకో చెబుతాను. నెమ్మదిగా చదవండి.

వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన వీడి కంటి రెప్పలు ఎత్తి చూసి, "కళ్లు తెల్లగానే ఉన్నాయే. ఏం తింటున్నావు నాయనా?" అన్నాడు. 

"క్యారెట్లు" అన్నాడు వీడు. 

"ఇంకా?" 

"గుమ్మడికాయ." 

"అన్నం?" 

వీడు తల దించుకున్నాడు. 

"ఇది కామెర్లు కాదమ్మా" అన్నాడు డాక్టరు నాతో. "ఆ కూరల రంగే ఒంటికి పట్టింది. మానేస్తే అదే దిగిపోతుంది. కుర్రాడు బాగా చిక్కాడు, ఆ సంగతి చూడండి."

నాకు ఒళ్లు మండింది. బయట బెంచీ మీద కూర్చోబెట్టి, "దానికోసం పంపితే నువ్వు తింటావట్రా? సిగ్గు లేదూ?" అన్నాను. 

"దానికి వాసన పడట్లేదమ్మా." 

"పడకపోతే పారెయ్యి! నీకెవడు తినమన్నాడు?"

పక్కన ఎవరో పసిపిల్లని ఎత్తుకుని తిప్పుతున్నారు. వాడు అటు చూడకుండా చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"పారెయ్యలేకపోతున్నానమ్మా" అన్నాడు. "ఏదీ పారెయ్యలేకపోతున్నాను. ఆ రోజు నువ్వూ అత్తయ్యా వరండాలో గొడవపడుతున్నారు. నర్సు వచ్చి నన్నడిగింది, బిడ్డని తీసుకెళ్తారా, మమ్మల్నే చూసుకోమంటారా అని. మీరే చూసుకోండి అన్నాను. అంతేనమ్మా, ఒక్క మాట. మొహం కూడా చూడలేదు."

వదినా, మనం అక్కడే ఉన్నాం. నాలుగడుగుల దూరంలో ఉన్నాం. మెట్లా, బండా అని తేల్చుకుంటున్నాం.

వాణ్ణి ఇంటికి తీసుకెళ్లాను. కోడలు అప్పుడే పని నుంచి వచ్చింది. నన్ను చూసి మొహం తిప్పుకుంటుందనుకున్నాను. చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లింది. 

"నేను తింటూనే ఉన్నాను అత్తయ్యా" అంది. "ఆఫీసు క్యాంటీన్లో తింటున్నాను. అమ్మకి చెబితే నమ్మదు. ఏడుపొస్తే తలుపేసుకుని ఏడుస్తాను. పొద్దున్నే లేచి పనికి పోతాను. ఆయన ఏడవరు. మీ డబ్బా ముందు పెట్టుకుని, కక్కొస్తున్నా చివరిదాకా తింటారు. వద్దంటే వినరు. మీరంతా నన్నే అడుగుతున్నారు, ఎలా ఉన్నావు, తిన్నావా అని. ఆయన్ని ఒక్కరూ అడగలేదు."

నేను అడగలేదు. కన్నతల్లిని, వాడి చేతికే డబ్బా ఇచ్చి, దానికి పెట్టు అని వచ్చాను. ఎన్నిసార్లో!

వెళ్లి వాడి పక్కన కూర్చున్నాను. చివరికి, తెలిసిన సంగతే అయినా, "ఎవర్రా, బాబా, పాపా?" అని అడిగాను. 

"పాపమ్మా" అన్నాడు. 

ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదట. అనగానే కోడలు వచ్చి గుమ్మంలో నిలబడింది. వాడు ఏడ్చాడు, వదినా. చిన్నప్పుడు కూడా అంత పెద్దగా ఏడవలేదు. మేం ఆపలేదు. తర్వాత కోడలు వేడిగా అన్నం పెడితే సగం తిన్నాడు. సగమే. అయినా తెల్లటి అన్నం తిన్నాడు.

మీరు రండి. డబ్బాలేవీ తేవద్దు. అమ్మాయి కోసం కాదు, అల్లుడి కోసం రండి. స్టేషన్‌కి నేనే వస్తాను. వరండాలో మీరన్నది, నేనన్నది, దారిలో తేల్చుకుందాం. ఇంట్లోకి వెళ్లేసరికి అయిపోవాలి.

ఇట్లు,
వాళ్లిద్దరి తల్లి

తా.క.: మగవాడికి ఇలాంటిది ఏ చక్రంలో ఊరుతుందో మీ మేడమ్‌ని అడగండి. తెలియదంటే ఫరవాలేదు, నాకూ తెలియలేదు. తెలిస్తే మాత్రం రంగు చెప్పొద్దనండి.